పదకొండో గడిలో 'ఏమీ లేవు'

ఖమ్మం,
ఫిబ్రవరి 19.

అక్కకు నమస్కారం.

బావగారి మోకాలు ఎట్లా ఉంది? గోదావరి గాలికి తగ్గిందని మనోజ్ఞతో ఫోన్లో అన్నావట.

ఈ కవరులో నా పరిశోధనా వ్యాసం ఉంది. అవును, నాదే, నవ్వకు. టేకులపల్లి దాటాక అడవిలో ఉన్న ఆశ్రమ పాఠశాలలో నూట పన్నెండు మంది ఆడపిల్లలకు 'రుధిరశ్రీ' అనే సిరప్ నాలుగు నెలలు పట్టించాం. సగటున ఎనిమిదిన్నర ఉన్న రక్తం పదకొండుకు ఎక్కింది. ఐరన్ గోలీలు ఒక్కటి కూడా లేకుండా, ఉత్త సిరప్‌తోనే! చదివితే నువ్వే ఆశ్చర్యపోతావు.

దీన్ని తొందరగా అచ్చెయ్యాలి, ఎందుకంటే హాస్టళ్ళకు మందులు ఎంచే కమిటీ జూన్ మొదటి వారంలో కూర్చుంటుంది. అచ్చయిన వ్యాసం ఒకటి చూపిస్తే అడవి హాస్టళ్ళన్నిటిలో గోలీలు ఆపేసి సిరప్ ఇస్తారు. నీ బాలవైద్య పత్రిక ఏప్రిల్ సంచికలో వేశావంటే సరిగ్గా సరిపోతుంది. సొంత అక్క సంపాదకురాలై ఉండగా ఇంకో పత్రిక గడప ఎక్కడం నాకే నామోషీ.

మీ పత్రిక ఫారం కూడా నింపి పెట్టాను. పదకొండో గడిలో ఏదో అడిగారు: ఈ మందు వల్ల గానీ, దాన్ని చేసేవాళ్ళ వల్ల గానీ మీకూ మీ వాళ్ళకూ ఏదైనా లాభం, బంధం, మర్యాద ఉన్నాయా అని. 'ఏమీ లేవు' అని రాశాను. కంపెనీ వాళ్ళు చాలా మంచివాళ్ళు, ఇబ్బందేమీ లేదు.

వాట్సాప్‌లో పంపితే చూడనంటావు కాబట్టి పోస్టులో పంపుతున్నాను. ఇంటి విషయాలు కూడా రాశాను, ఈ ఉత్తరం మాత్రం ఫైల్లో పెట్టకు.

నీ తమ్ముడు,
వెంకటకృష్ణ


భద్రాచలం,
మార్చి 1.

చిరంజీవి కృష్ణకు ఆశీస్సులు.

మీ బావ మోకాలు బాగుంది. నీ పదకొండో గడే బాగాలేదు.

ఉత్తరం ఫైల్లో పెట్టాను. సంపాదకురాలికి వచ్చిన ప్రతి కాగితమూ ఫైల్లోకే వెళుతుంది. అక్కగా రాయాలనుకుంటే విడిగా రాయి, అందులో పచ్చళ్ళ సంగతి, పిల్లల సంగతి రాసుకుందాం.

ఒరేయ్, పోయిన ఏడాది నువ్వూ మనోజ్ఞా బాలి వెళ్ళారు. వైద్య సదస్సు అన్నావు. ఫోటోలు నేనూ చూశాను. ఆ సదస్సులో డాక్టర్లందరూ నడుముల దాకా నీళ్ళలోనే ఉన్నారు. మీ ఆస్పత్రికి లిఫ్ట్ ఎవరు పెట్టించారు? సంక్రాంతి తర్వాత అక్కడికి వచ్చినప్పుడు మూడో అంతస్తు దాకా అందులో అతికించిన రుధిరశ్రీ సీసా బొమ్మనే చూస్తూ నిలబడ్డాను. ఆ కంపెనీ మందులకు జిల్లా ఏజెన్సీ ఎవరి పేరు మీద ఉంది? నీ భార్య పేరు మీద. ఇవి 'ఏమీ లేవు' అయితే, ఉండడం అంటే ఇంకెట్లా ఉంటుందిరా?

నువ్వు తప్పు చేశావని నేను అనడం లేదు. ఉన్నది చెప్పమంటున్నాను, అంతే. చదివేవాడు తెలిసి చదువుతాడు. పనిలో పనిగా 'ఈ పత్రిక సంపాదకురాలు నా తోడబుట్టిన అక్క' అని కూడా రాయి. నువ్వు రాయకపోతే నేను రాస్తాను.

ఇది నీ పరువు గొడవ కాదు, నా పత్రిక గొడవ కూడా కాదు. ముప్పై ఏళ్ళు ఈ మన్యంలో పసిపిల్లల డాక్టరుగా పనిచేశాను. తల్లి ఒంట్లో రక్తం లేక, పుట్టీ పుట్టగానే నా చేతుల్లోనే పోయిన బిడ్డలు ఎంతమందో. ఆ తల్లులు కూడా ఒకప్పుడు ఇట్లాంటి హాస్టళ్ళలోనే చదువుకున్నారు. పనిచేసే గోలీ ఆపేసి పనిచేయని సిరప్ పోస్తే, ఎనిమిదిన్నర రక్తంతోనే ఆ పిల్లలు పెళ్ళిళ్ళ దాకా వెళతారు. కాబట్టి ఆ గడి సరిగా నింపు.

ఆశీస్సులతో,
రాజ్యశ్రీ


ఖమ్మం,
మార్చి 12.

అక్కకు,

నీ ఉత్తరం మనోజ్ఞ చదివింది. చదివి రెండు పూటలు అన్నం మానేసింది. ఆమె ఏజెన్సీ గురించి నువ్వు అట్లా రాస్తావని నేను కలలో కూడా అనుకోలేదు.

సరే, పెద్దదానివి. పదకొండో గడి మళ్ళీ నింపాను. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క మాటా తూచి రాశాను, చూడు:

'రచయితకు ఔషధ రంగంతో సత్సంబంధాలు కలవు. ఒక విజ్ఞాన యాత్రలో పాల్గొనియున్నారు. వారి ఆస్పత్రిలో రోగుల ఊర్ధ్వ గమనానికి ఒక సంస్థ సహకరించినది. సంపాదక వర్గంతో చిరకాల పరిచయం కలదు.'

అన్నీ వచ్చేశాయి కదా? ఏజెన్సీ సంగతి ఒక్కటి వదిలేశాను. ఇంటి ఆడవాళ్ళ పేర్లు పత్రికల్లోకి లాగడం మన ఇంటా వంటా లేదు.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. అందరూ ఇట్లాగే రాస్తారు కదా? మన జిల్లాలో ఎవరి ఆస్పత్రికి ఎవరు ఏసీ పెట్టించారో నీకు తెలియదా? నా ఒక్కడి గడిలోనే ఎందుకు తల దూరుస్తావు?

ఈ ఉత్తరం నిజంగా ఫైల్లో పెట్టకు. దండం పెడతాను.

కృష్ణ


భద్రాచలం,
మార్చి 27.

కృష్ణకు,

పెట్టాను. నంబరు కూడా వేశాను.

రోగుల ఊర్ధ్వ గమనానికి కంపెనీ సహకరించిందని అచ్చేస్తే నీ ఆస్పత్రి మెట్లు ఇంకెవరైనా ఎక్కుతారా? లిఫ్ట్‌ను లిఫ్ట్ అని రాయరా బాబూ! అక్కను చిరకాల పరిచయం చేసేశావు. అమ్మ ఉండి ఉంటే ఈ మాటకు చెవి మెలేసేది. మనోజ్ఞ పేరు పత్రికలోకి లాగనన్నావు, బాగానే ఉంది. ఏజెన్సీ బోర్డు మీదకు లాగినప్పుడు ఈ ఇంటా వంటా ఎటు పోయింది?

గడి సంగతి అట్లా ఉంచు. నీ వ్యాసం మొత్తం చదివాను. ఏడో పేజీలో ఫలితాల కింద ఇట్లా ఉంది: 'బాలికలు రుచిని మిక్కిలి ఇష్టపడిరి. మామిడి, బత్తాయి రుచులలోనూ లభించును.' ఇది పరిశోధనా వ్యాసమా, బస్టాండు గోడ మీద కాగితమా? ఇంకో సంగతి. మూడో తరగతి నుంచి నీ రాత నాకు తెలుసు. వాక్యం ఎక్కడ ఆపాలో నీకు ఏనాడూ తెలియదు. ఇందులో ప్రతి వాక్యమూ బుద్ధిగా ఆగింది. ఎవరు రాసిపెట్టారు?

అసలు ఆ బడికి నువ్వు ఎప్పుడైనా వెళ్ళావా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు.

మా నియమం ఒకటుంది. వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఎవరి పేరున్నా వాళ్ళకూ ఫారం పంపుతాం. నీ కృతజ్ఞతల్లో ఇద్దరున్నారు. ఒకరు కంపెనీ ఏరియా మేనేజర్ నాగచైతన్య, ఇంకొకరు ఆ బడి నర్సు శ్యామల. ఇద్దరికీ ఈరోజే ఫారాలు రిజిస్టర్ పోస్టులో పంపాను.

రాజ్యశ్రీ


ఖమ్మం,
ఏప్రిల్ 8.

సంపాదకురాలు గారికి,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

అవును, భాష నాగచైతన్య సరిదిద్దాడు. లెక్కలు కూడా అతనే సరిదిద్దాడు. సీసాలు తీసుకెళ్ళిందీ, పిల్లల రక్తం రిపోర్టులు తెచ్చిందీ అతనే. నాకు ఓపీలో రోజుకు ఎనభై మంది వస్తారు. వాళ్ళను వదిలేసి అడవి దాకా ఎప్పుడు పోను? పెద్ద పెద్ద డాక్టర్లంతా ఇట్లాగే చేస్తారు. వ్యాసానికి ఆలోచన ముఖ్యం. ఆ ఆలోచన నాది. అంటే, నాగచైతన్య చెప్పాక నాకు నచ్చింది.

నన్ను ఇన్ని అడిగావు కదా, నేనూ ఒక్కటి అడుగుతాను. నీ పత్రిక జనవరి సంచిక నా బల్ల మీద ఉంది. నీ బల్ల మీదా ఉండే ఉంటుంది. తిప్పి వెనక అట్ట చూడు. ఎవరి సీసా ఉంది? రంగుల్లో, అట్ట నిండా? ఈ రెండేళ్ళుగా మీ పత్రికకు కాగితం ఎవరు ఇస్తున్నారు? ప్రతి ఉగాదికి మీ ఇంటికి వచ్చే స్వీట్ల డబ్బా మీద ఏ కంపెనీ పేరుంటుంది? సంపాదకులకు పదకొండో గడి ఉండదా అమ్మా?

ఈ ఉత్తరాన్ని కూడా ఫైల్లో పెట్టు. తప్పకుండా పెట్టు.

డాక్టర్ వెంకటకృష్ణ


భద్రాచలం,
ఏప్రిల్ 19.

కృష్ణా,

తిప్పి చూశాను.

రెండేళ్ళుగా ప్రతి సంచిక ప్రూఫు నేనే దిద్దుతున్నాను, కామా కూడా వదలను. వెనక అట్ట ఒక్కసారి కూడా చదవలేదు. కాగితం ఉచితంగా వస్తోందంటే మన పత్రిక మీద గౌరవం అనుకున్నాను. నీ 'సత్సంబంధాలు' చూసి నవ్వానే, నాది దానికన్నా నవ్వొచ్చే వ్యవహారం. సిగ్గుగా ఉంది రా. నిన్ను తిట్టిన నోటితోనే చెబుతున్నాను.

సంపాదక వర్గంలో సభ్యులందరికీ ఈ సంగతి రాసి పంపాను. కాగితం వద్దని కంపెనీకి చెప్పేశాను. వచ్చే సంచిక పలచగా వస్తుంది, రానీ. నీ వ్యాసం మీద ఇక నేను ఏ నిర్ణయమూ తీసుకోను. ఫైలు మొత్తం మణుగూరులో ఉన్న మా సహసంపాదకులు ప్రభాకర్ గారికి అప్పగించాను. ఆయనకు చెవులు సరిగా వినపడవు, సిఫార్సులైతే అసలే వినపడవు.

అయితే ఫైలు అప్పగించే ముందు రెండు ఫారాలు వచ్చాయి. నాగచైతన్య గారిది 'ఏమీ లేవు'. అతను కంపెనీ ఉద్యోగి, జీతం కూడా ఏమీ లేదేమో పాపం. రెండోది శ్యామలది. గడిలో పట్టక వెనక్కి తిప్పి మరీ రాసింది. ఉన్నది ఉన్నట్టు కింద ఎక్కిస్తున్నాను.

'ఉన్నయి. మాది ఇప్పగుంపు అనేటి గూడెం. మా గుంపుల పంచాయితీ కూసుంటే మాట్లాడేటోళ్ళు ముందుగాల ఎవరి మనిషో, ఎవరింట తిన్నరో చెప్పాలె. చెప్పకుంటె పెద్దమనిషి పోతయ్య తాత నోరు తెరవనియ్యడు. గట్లనే చెప్తున్న. నాగచైతన్య సారు నాకు టిఫిన్ డబ్బ ఇచ్చిండు, గోడ గడియారం ఇచ్చిండు. గడియారం నడుస్తలేదు. ఈ పిల్లలల్ల మా అక్క బిడ్డ ఉన్నది. మిగిలినోళ్ళు గూడ మా చుట్టుపక్కల గుంపులోళ్ళే. సిరప్ తాగే పిల్లలకు గోలీలు బంద్ చెయ్యమన్నరు. నాకు మనసొప్పలే. నాలుగు నెలలు అన్నం తిన్నంక దగ్గరుండి గోలీలు మింగిచ్చిన. ఎవ్వరు అడగలే, నేను చెప్పలే. సొంత పిల్ల ఉన్నదని గిట్ల చేసింది అంటరేమో. అనుండ్రి. నిజమే.'

చదివి ఏడ్చాను కృష్ణా. నువ్వు రెండు రోజులు కూర్చుని తూచి తూచి రాశావు. నేను రెండేళ్ళు చూడకుండా ఉన్నాను. ఈ పిల్ల ఒక్క పూటలో రాసేసింది.

ఇప్పుడు నీకు అర్థమైందా? ఆ రక్తం పెరిగింది గోలీలకు, నీ సీసాకు కాదు. జూన్‌లో కమిటీ నీ వ్యాసం చూసి గోలీలు ఆపిందంటే ఆ పిల్లలకు మిగిలేది మామిడి రుచి ఒక్కటే.

అక్క


ఖమ్మం,
ఏప్రిల్ 27.

అక్కా,

తొందరపడకు. ఇది అర్జెంటుగా చదువు.

ఆ నర్సు రచయిత కాదు. కృతజ్ఞతల్లో పేరుంది, అంతే. కృతజ్ఞతలు చెప్పినందుకు ఇంత పని చేస్తుందా? రచయిత కానివాళ్ళ ఫారం లెక్కలోకి రాదని ప్రభాకర్ గారికి ఒక్క మాట చెప్పు. వినపడకపోతే రాసి ఇవ్వు. లేదంటే ఆ కాగితం పోస్టులో ఎక్కడో పోయిందనుకోండి, మన పోస్టులో పోవా ఏంటి?

కమిటీకి నాగచైతన్య అప్పుడే వ్యాసం ప్రతి ఇచ్చేశాడు, 'త్వరలో అచ్చు' అని పైన ముద్ర కొట్టించి. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే లిఫ్ట్ విప్పుకుపోతామంటున్నారు కంపెనీ వాళ్ళు. మూడో అంతస్తులో ఆపరేషన్ అయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళను ఎట్లా దించను? ఏజెన్సీ కూడా తీసేస్తారట. మనోజ్ఞ నాతో మాట్లాడటం లేదు, నీతో మాట్లాడొద్దని మాత్రం చెప్పింది.

నేనే ఒక మార్గం ఆలోచించాను. బడికి సెలవులిచ్చారు, శ్యామల వాళ్ళ గుంపులోనే ఉంటుంది. వెళ్ళి నచ్చజెప్పి, 'గోలీలు ఇవ్వలేదు, పొరపాటున రాశాను' అని ఒక్క సంతకం తీసుకుంటాను. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమట. నాగచైతన్యే కనుక్కుని చెప్పాడు.

కృష్ణ


భద్రాచలం,
మే 3.

కృష్ణా,

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమని నాకెందుకు రాశావు? ఆ వాక్యం మళ్ళీ చదువుకో. చదువుకుని, అది రాసింది నువ్వేనా, లేక అదీ నాగచైతన్యే రాసిపెట్టాడా, నాకు చెప్పు.

ఆ గుంపుకు వెళ్ళకు. శ్యామల ఉద్యోగానికి ఏమైనా అయిందో, నీ ఉత్తరాలన్నీ పట్టుకుని కమిటీ ముందుకు నేనే వెళతాను. నీ అక్కనని కూడా అక్కడే చెబుతాను.

రాజ్యశ్రీ


ఇప్పగుంపు,
మే 16.

అక్కా,

నీ ఉత్తరం అందింది. అందినా బయల్దేరాను, నా సంగతి నీకు తెలుసు కదా. టైపు చేయించిన కాగితం జేబులో పెట్టుకుని, సంతకం తీసుకుని మధ్యాహ్నం భోజనానికల్లా ఖమ్మం చేరిపోవాలనుకున్నాను. కారు వాగు దగ్గరే ఆగిపోయింది. రెండు కిలోమీటర్లు ఎండలో నడిచాను. నా వ్యాసంలో ఈ బాలికలు 'రవాణా సౌకర్యం గల ప్రాంతమునకు చెందినవారు' అని ఉంది.

గుంపులో ఇళ్ళన్నీ ఖాళీ. బీడీలకు తునికాకు కోసే రోజులు కదా, కొందరు అడవిలో ఉన్నారు, మిగిలినవాళ్ళు కల్లం దగ్గర ఆకులు పేర్చి కట్టలు కడుతున్నారు. శ్యామల నన్ను చూసి బెదురుతుందనుకున్నాను. కుర్చీ తెచ్చి నీడలో వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతే ఒక ముసలాయన చెయ్యెత్తాడు. ఆయనే పోతయ్య.

"ఆగు సారూ. నువ్వెవరి మనిషివో ముందుగాల చెప్పు."

"డాక్టర్ని. ఖమ్మం నుంచి వచ్చాను."

"యాడికెళ్ళి వచ్చినవో అడగలే. ఎవరి తిండి తిని వచ్చినవ్?"

పొద్దున ఇంట్లో ఇడ్లీ తిన్నానన్నాను. ఒక్కరూ నవ్వలేదు. కట్టలు కట్టడం కూడా ఆపేసి నా వైపే చూస్తున్నారు. ఏమైందో నాకు తెలియదు అక్కా, ఆ చూపులకు తట్టుకోలేక చెప్పడం మొదలుపెట్టాను. సిరప్ కంపెనీ నన్నూ నా భార్యనూ బాలి తీసుకెళ్ళిందన్నాను. లిఫ్ట్ పెట్టించిందన్నాను. "అవ్, సీసా బొమ్మ ఉన్న డబ్బ గదేనా? మా చెల్లె బిడ్డ కాన్పుకు వస్తే ఎక్కిన," అంది చిన్నక్క అనే ఆమె. ఏజెన్సీ మా ఆవిడ పేరు మీద ఉందన్నాను. వ్యాసం నేను రాయలేదని కూడా చెప్పేశాను. నువ్వు నెలల తరబడి గుచ్చి గుచ్చి అడిగినా రాని సంగతులు, అడగనివి కూడా, వాటంతట అవే వచ్చేశాయి. ఎవరూ కోప్పడలేదు. పోతయ్య తల ఊపి, "సరే, ఇగ నీ ముచ్చట చెప్పు, వింటం" అన్నాడు.

చెప్పడానికి నా దగ్గర ముచ్చటే మిగల్లేదు. జేబులో చెయ్యి పెట్టాను, కాగితం బయటకు తీయలేకపోయాను.

అప్పుడు చిన్నక్క లేచింది. "నువ్వేనా మా పిల్లలకు మందు పంపిన డాక్టరు? గిన్ని దినాలకు వచ్చినవా?" అంటూ మనవరాలి భుజం పట్టి ముందుకు తోసింది. "చూడు."

ఆ పిల్లకు పన్నెండేళ్ళుంటాయి. కింది కనురెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉంది. గోళ్ళు చూశాను, మంచిగా ఉన్నాయి. సిరప్ ఎట్లా ఉండేదమ్మా అని అడిగాను. "మంచిగుండె సార్. ఆదివారం చపాతీలకు అద్దుకొని తినేటోళ్ళం" అంది. మరి గోలీలో అంటే మొహం చిట్లించింది. "గవ్వి చేదు సార్. మింగినంక శ్యామలక్క నోరు తెరిపిచ్చి చూసేది."

నూట పన్నెండు మంది పిల్లల రక్తం గురించి ఇరవై పేజీలు నా పేరుతో ఉన్నాయి అక్కా. వాళ్ళలో నేను కళ్ళారా చూసిన మొదటి పిల్ల ఆమె. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ టైపు కాగితం వెనక్కి తిప్పి, అక్కడే ఆకుకట్టల పక్కన కూర్చుని కమిటీకి రాశాను. మొదట నేనెవరి మనిషినో రాశాను, లిఫ్ట్‌ను లిఫ్ట్ అనే రాశాను, మనోజ్ఞ ఏజెన్సీ కూడా రాశాను. తర్వాత వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, పెరిగిన రక్తం గోలీలదని, ఏ హాస్టల్లోనూ వాటిని ఆపవద్దని రాశాను. శ్యామల గోలీలు ఇవ్వబట్టే పిల్లలు నిలిచారని, ఆమె మీద చర్య తీసుకోవాల్సి వస్తే ముందు నా మీద తీసుకోమని రాశాను. శ్యామల చదివి, రెండు చోట్ల వాక్యం ఆపింది. రేపు టేకులపల్లిలో నకళ్ళు తీయించి కమిటీకి, ప్రభాకర్ గారికి, నీకు రిజిస్టర్ పోస్టులో పంపుతాను.

మనోజ్ఞకు ఇంకా చెప్పలేదు. భయంగానే ఉంది.

ఆ బడి పిల్లలు ఈ గుంపులో ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారట. ఆకు కోయడానికి అడవికి పోయారు, సాయంత్రానికి వస్తారు. ఉండి అందర్నీ చూసి రేపు బయల్దేరుతాను. స్టెతస్కోప్ తెచ్చుకోలేదు, శ్యామల తనది ఇచ్చింది.

తమ్ముడు,
కృష్ణ